చంద్రప్ప చేతికి రానివి రెండే

నేను ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగంలో చేరిన రోజు మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఊర్లో వాళ్ల కాళ్లు పట్టేదానికా నిన్ను ఇంత చదివించినాము?" అని అడిగింది. మాది హోసూరులో బట్టల అంగడి ఇల్లు. గుడ్డ కొలవడం, చింపడం, మడిచి ఇవ్వడం తెలిసిన వాళ్లం. పరాయి మనుషుల మోకాళ్లూ మడమలూ ముట్టుకునే పని ఎలాంటిదో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి అర్థం కాలేదు.

ముప్పై మూడేళ్లు ఆ పని చేసి కిందటేడాది మానేశాను. వీడ్కోలు రోజు మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు మైకు చేతికిచ్చి, "మేడం, మాకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను అందరికీ నమస్కారం చెప్పి, కళ్లు తుడుచుకొని కూర్చున్నాను. ఆరోజు చెప్పలేకపోయిన మాటలు ఇవి. ఎక్కడ ఏ కండరాన్ని ఎలా సాగదీయాలో మీకు నాకంటే బాగా తెలుసు. నా తప్పులు మాత్రం మీకు తెలియవు కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

బస్సు మెట్టు

నా మొదటి ఉద్యోగం కృష్ణగిరిలో. మా విభాగానికి పెద్ద ఆరోగ్యసామి గారు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఆయన ఎడమకాలు సన్నబడిపోయింది. ఇనుప కమ్మీల బూటు వేసుకొని, నడిచినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడు చేస్తూ వరండాలో వచ్చేవారు. ఆ చప్పుడు వినగానే మేం కబుర్లు ఆపేసి పనిలో ఉన్నట్టు నటించేవాళ్లం.

నేను చేరిన మొదటి నెలలో మామిడితోటల వైపునుంచి ఒకావిడ మోకాలినొప్పితో వచ్చింది. కాలేజీలో నేర్పినట్టు మోకాలు ఎంత వంగుతుందో కొలిచి, ఐదు వ్యాయామాలు చూపించి, వాటి బొమ్మలున్న కాగితం ఇచ్చి పంపించాను. నాకు నేనే భేషని అనుకున్నాను. ఆమె వెళ్లాక ఆరోగ్యసామి గారు నా బల్ల దగ్గర ఆగారు.

"ఆయమ్మ నీళ్లు యాడనుంచి తెచ్చుకొంటాది?"

"తెలీదు సార్."

"ఇంట్లో పొయ్యి కింద ఉండాదా, బల్ల మీదనా?"

"అడగలేదు సార్."

"మరి ఇంతసేపూ ఎవరికి వైద్యం చేసినావమ్మా? మోకాలికా?"

ఆయన కోప్పడలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు. మరుసటివారం ఆమె వచ్చినప్పుడు నేను వ్యాయామాల మాటే ఎత్తకుండా గంటసేపు ఆమె ఇంటి గురించి అడిగి తెలుసుకున్నాను.

ఆయనతో పనిచేసిన ఆరేళ్లలో తన కాలి గురించి ఆయన ఒక్కసారే మాట్లాడారు. కొత్త కండక్టరెవరో ఆయన ఎక్కడం ఆలస్యమైందని 'నొండి', అంటే కుంటోడా, అని అరిచి, బస్సు కదిలించేశాడట. ఆ పూట ఆస్పత్రికి ఆలస్యంగా, చొక్కా చెమటతో తడిసి వచ్చారు. నేను మంచినీళ్లు ఇచ్చి, "మీ కాలు ఇట్లయిందని మీకు బాధ ఉండదా సార్?" అని అడిగాను. ఇరవైమూడేళ్ల పిల్లని, అడగకూడదని తెలియదు.

"కాలితో నాకేం తగువు లేదమ్మా. ఎప్పట్నుంచో దాంతోనే ఉండాను. నా తగువంతా ఆ బస్సు మెట్టుతో. దాన్ని అంత ఎత్తులో పెట్టింది ఎవరో, ఆ ఒక్క మనిషిని చూడాలని ఉండాది నాకు" అన్నారు.

తర్వాతి కాలంలో మాటలు చాలా మారాయి. బోర్డుల మీద వికలాంగులు అన్నారు, దివ్యాంగులు అన్నారు, తమిళంలోనూ కొత్తపేరు పెట్టారు. మంచిదే, నొండి అని అరవడం కంటే మంచిదే. కానీ ఏ పేరు పెట్టినప్పుడూ నేను ఆ బస్సు మెట్టు ఎంత కిందికి దిగిందా అనే చూశాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆయన గది కిటికీలోంచి కృష్ణగిరి కోటకొండ కనిపించేది. సాయంకాలం పని అయిపోయాక ఆయన అటువైపు కుర్చీ తిప్పుకొని కూర్చునేవారు. ఒకరోజు, "పైనుంచి చూస్తే డ్యాము నీళ్లు కనపడతాయంట గదా" అన్నారు. నేను ఫైళ్లు సర్దుకొంటూ, "ఆ ఎండలో, ఆ రాళ్లలో ఏముంది సార్, ఎక్కినోళ్లందరూ కాళ్లు పీకుతా దిగొస్తారు" అన్నాను. ఆయన నవ్వి కుర్చీ మళ్లీ బల్లవైపు తిప్పుకున్నారు.

మేం ఏడుగురం ఉండేవాళ్లం అక్కడ. అందరం వయసులో ఉన్నవాళ్లం, మనుషులను ఎత్తడం, మోయడం, మెట్లు ఎక్కించడం చదువుకున్నవాళ్లం. ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, ఆగుతూ ఆగుతూ ఆయన్ని పైకి తీసుకుపోవడం మాకు పెద్ద పని కాదు. ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆయనకు ఎక్కాలని ఉందన్న సంగతే మా బుర్రకు ఎక్కలేదు. నేను హోసూరుకు వచ్చేసిన నాలుగో ఏట ఆయన పోయారని కబురు వచ్చింది. ఇప్పటికీ కృష్ణగిరి దాటేటప్పుడు బస్సులో ఆ కొండ కనిపించే వైపు కూర్చోలేను.

ప్రెస్సు కింద

హోసూరులో నేను చేరిన ఆస్పత్రి మూకండపల్లి ఫ్యాక్టరీలకు దగ్గర. కృష్ణగిరిలో మోకాళ్లు, నడుములు ఎక్కువ చూసేదాన్ని. ఇక్కడ చేతులు. రేకును ఒక్క దెబ్బతో అచ్చుకోసే పవర్ ప్రెస్సులు ఆ చుట్టుపక్కల చాలా ఉండేవి. వాటి కింద వేళ్లు పోగొట్టుకొన్నవాళ్లు వారానికి ఒకరైనా వచ్చేవారు.

చంద్రప్ప అలా వచ్చినవాడే. బేరిగై మనిషి, అప్పుడు ముప్పైయారేళ్లు. అసలు అతను ప్రెస్సు పనివాడు కాదు. లేతు మిషను మీద ఇనుపకడ్డీలను తరిగి, నునుపు చేసి, సరైన కొలతకు తెచ్చే టర్నరు. పదహారేళ్లుగా అదే ఫ్యాక్టరీలో అదే లేతు. ప్రెస్సు ఆపరేటరు సెలవు పెట్టిన ఒక్కరోజు ఇతన్ని అక్కడ నిలబెట్టారు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మొదలంటా తెగిపోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

కట్లు విప్పాక అతను నా దగ్గరికి వచ్చాడు. పక్కన భార్య గౌరమ్మ, అతని చేతిని తుండుగుడ్డతో కప్పి పట్టుకొని ఉంది.

"ఆయప్ప చెయ్యి చూడడమ్మా. నన్నూ చూడనియ్యడు" అంది.

మొదటి వారం ఆ చేతిని రాగుల గిన్నెలో పెట్టించాను. తెగిన చోట చర్మం చీమ పాకినా ఓర్చుకోలేదు. గింజల రాపిడికి కొద్దికొద్దిగా అలవాటు పడాలి. తర్వాత మచ్చ గట్టిపడకుండా నూనె రాసి బొటనవేలితో గుండ్రంగా రుద్దడం. ఆ తర్వాత మిగిలిన రెండు వేళ్లూ ఒకదాన్నొకటి కలుసుకోవడం నేర్చుకోవాలి. బొటనవేలు, చిటికెనవేలు మామూలుగా ఒకదాని జోలికి ఒకటి పోవు. వాటిని జతచేయడానికి రెండు నెలలు పట్టింది. నేను చింతగింజలు ఏరమని ఇస్తే చంద్రప్ప మరునాడు టిఫిన్ డబ్బాలో ఫ్యాక్టరీ నట్లు, బోల్టులు తెచ్చుకున్నాడు.

"గింజలు ఏరి ఏం చేసేదమ్మా? ఇవైతే నాకు తెలిసినవి."

ఒకరోజు పని మధ్యలో కళ్లు మూసుకొని, "ఇప్పుడు నా చూపుడువేలు ఉండాది. కొస తెలస్తా ఉండాది" అన్నాడు. లేని వేలు ఉన్నట్టు అనిపించడం మాకు కొత్త కాదు, పుస్తకంలో దానికి పేరు కూడా ఉంది. అది సహజమేనని చెప్పబోయాను. అతను ఆగలేదు.

"మిషనుకు బిగించిన కడ్డీని జాబు అంటాము. అది తిరిగి నిలిచినాక దాని మీద ఈ వేలుకొస పెట్టి ఇట్ల జరుపుతా. గరుకు ఉండాదా, నున్నగా వచ్చిందా చెప్పేస్తాది. మైక్రోమీటరు పెట్టి కొలిచేది తరువాతనే. ఆ ఎరక అంతా ఈ కొసలోనే ఉండె. అది యాడికి పోయినాదో" అని ఖాళీచోటును చూశాడు.

రోజూ వెళ్లేముందు ఒకే ప్రశ్న: "ఎప్పుడమ్మా మిషను కాడికి పోయేది?"

"చూద్దాం చంద్రప్పా. తొందరేముంది?"

మీరు కూడా ఈ మాట చాలాసార్లు అంటారు. అనేముందు ఒకసారి ఆలోచించండి. తొందర లేనిది మనకు.

నేను రాసిన కాగితం

ఐదో నెలలో ఫ్యాక్టరీ మేనేజరు శ్రీనివాసన్ ఫోన్ చేశాడు. చెడ్డమనిషి కాదు. ప్రమాదం జరిగిన రోజు తన కారులోనే చంద్రప్పను ఆస్పత్రికి తెచ్చినవాడు.

"మేడం, అతన్ని పంపించేయం. గేటు దగ్గర మంచి డ్యూటీ ఉంది. నీడపట్టున కూర్చోవచ్చు. మిషను పనికి పనికిరాడని మీరొక మాట రాసిస్తే నాకు సులువు అవుతుంది."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఉద్యోగం నిలిచింది, ఇంకెప్పుడూ ఆ చెయ్యి మిషను దగ్గరికి పోనక్కర్లేదు. కన్నవాళ్లకుండే భయంలాంటిది నాకు అతని మీద ఉండేది. వెంటనే కూర్చొని రాశాను, పెద్దడాక్టరు గారు సంతకం పెట్టారు. చంద్రప్పను అడగలేదు. మంచివార్త గదా, తర్వాత తెలిస్తే సంతోషిస్తాడులే అనుకున్నాను.

రెండురోజులకు అతను ఒక్కడే వచ్చాడు. నట్లన్నీ ఏరాడు. చేతిని రాగుల్లో ముంచి తీశాడు. అంతా అయ్యాక డబ్బా మూతపెట్టి, "రేపట్నుంచి రానమ్మా" అన్నాడు.

"ఏంటికప్పా? ఇంకా రెండు నెలల పని ఉండాది చేతికి."

"చెయ్యి బాగు చేసుకొని ఏం చేసేది? గేటు తీసేదానికి ఒక చెయ్యి చాలు."

కోపంగా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా అన్నాడు. నేను పిలిచేలోపు వెళ్లిపోయాడు. వేళ్లు తీసింది ప్రెస్సు, పని తీసింది నేను. ఇది నాకు ఆరోజే తెలిసిందని రాసుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, ఆరోజు నాకు కొంచెం కోపమే వచ్చింది. ఇంత చేస్తే విశ్వాసం లేదే అనుకున్నాను.

గేటు దగ్గర

ఏడాది గడిచింది. ఒక సాయంకాలం వేరే రోగి ఇంటికి పోయి వస్తూ ఆ ఫ్యాక్టరీ ముందునుంచి నడిచాను. గేటు పక్కన కుర్చీలో చంద్రప్ప. బూడిదరంగు యూనిఫాం, టోపీ. నన్ను చూసి లేచి ఎడమచేత్తో సెల్యూట్ కొట్టాడు. అలవాటు కొద్దీ కొట్టాడని తెలుసు, అయినా నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"ఎట్ల ఉండావు చంద్రప్పా?"

"ఉండాను అమ్మా. ఏం చేసేది, బేజారు" అని, ఉన్నట్టుండి లోపలికి తలతిప్పి చెవి పెట్టాడు. నాకు లోపల్నుంచి కలగాపులగంగా రొద తప్ప ఏమీ వినిపించలేదు.

"వినండి. ఆ మూల ఏడస్తా ఉండేది నా లేతు. టూలు మొద్దు అయింది, మార్చకుండానే కోస్తా ఉండారు. పొద్దున్నుంచి అట్లనే. పోయి చెప్దామంటే గేటు విడిచి లోపలికి పోకూడదు."

"చెప్పి పంపించొచ్చు గదా."

"చెప్పినాను. వాచ్‌మన్‌కి ఏం తెలుసునని నవ్వినారు."

తర్వాత అతను అడిగాడు.

"అమ్మా, మీరు లేతు చూసినారా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"లేదప్పా. బొమ్మల్లో చూసినాను."

అతని ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది.

"చూడకనే రాసినారా?" అన్నాడు.

అన్నేళ్లు ఫ్యాక్టరీ చేతులకు వైద్యం చేశాను. ఒక్క ఫ్యాక్టరీ లోపలా అడుగు పెట్టలేదు. ఆ మోకాలినొప్పి ఆవిడకు పొయ్యి ఎక్కడుందో అడగడం నేర్చుకున్నదాన్ని, చంద్రప్ప దగ్గర మళ్లీ చేతికి వైద్యం చేసి ఊరుకున్నాను. నేర్చుకున్నది ఒకసారి నేర్చుకుంటే సరిపోదని అప్పుడు తెలిసింది.

టీ వేళ

మరునాడే శ్రీనివాసన్‌ను కలిసి, చంద్రప్ప లేతు మీద పనిచేసి చూపిస్తే నేను చూడాలని అడిగాను. మా పెద్దడాక్టరు గారికి ఇది నచ్చలేదు. "మన పని ఆస్పత్రి గేటు లోపలమ్మా" అన్నారు. శ్రీనివాసన్ చాలా తటపటాయించి, టీ వేళ, పక్కన తాను నిలబడి ఉండేట్టయితే సరేనన్నాడు.

చంద్రప్ప టోపీ తీసి గేటు కుర్చీ మీద పెట్టి లోపలికి వచ్చాడు. లేతు ముందు నిలబడ్డాడు గానీ వెంటనే ముట్టుకోలేదు. మిషను మీద ఎవరో వదిలేసిన ఇనుప పొట్టును బ్రష్షుతో తోసేశాడు. గుడ్డతో తుడిచాడు. నేను తొందరపెట్టలేదు. అప్పుడు జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు.

నేను ఏం చూశానంటే, అతను కుడి అరచేత్తో చక్రం తిప్పుతున్నాడు. బొటనవేలితో మీట నొక్కుతున్నాడు. మేం రెండు నెలలు కష్టపడి జతచేసిన ఆ రెండు వేళ్లతో చిన్న మరలు పట్టి తిప్పుతున్నాడు. మిగతాదంతా ఎడమచెయ్యి చూసుకుంటోంది. అతనికి రానివి రెండే. కడ్డీని బిగించే చక్ కీ అనే ఇనుప తాళంచెవిని గట్టిగా పట్టి తిప్పలేకపోతున్నాడు, పిడికిలి కావాలి. మైక్రోమీటరును ఒంటిచేత్తో పట్టి వేళ్లతో తిప్పలేకపోతున్నాడు. అంతే. పనికిరాడని నేను రాసిన మనిషికి ఆ పనిలో కొరత ఈ రెండు.

"ఈ తాళంచెవి పిడి ఇంత పొట్టిగా ఏంటికి ఉండాలి?" అని అడిగాను. తెలియకే అడిగాను.

చంద్రప్ప నావైపు చూశాడు, దానివైపు చూశాడు. "ఉండాలని ఏం లేదమ్మా. రెండింతలు పొడుగు చేసి, కొసన అరచెయ్యి నిండేంత లావుగా నైలాను గుండు తొడిగితే, పట్టుకొనే పనిలేదు, తోస్తే చాలు."

"మరి కొలత?"

జవాబు శ్రీనివాసన్ ఇచ్చాడు. "స్టోరులో గేజులు ఉన్నాయి. ఎడమచేత్తో పట్టుకొని జాబు మీద పెట్టి చూసేవి. కొలత సరిగ్గా ఉంటే ఎక్కుతుంది, లేకుంటే ఎక్కదు. వాడేవాళ్లు లేక మూలపడ్డాయి."

ఆ పిడిని చంద్రప్ప ఆ లేతు మీద తానే చేసుకున్నాడు.

నేను కొత్త కాగితం రాసి తీసుకుపోతే శ్రీనివాసన్ పాతదాన్ని బయటికి తీశాడు. "మేడం, అప్పుడు పనికిరాడని మీరే రాశారు. ఇప్పుడు పనికొస్తాడని మీరే రాశారు. రేపు ఏదైనా అయితే పైవాళ్లు నన్ను అడుగుతారు. నేను దేన్ని నమ్మాలి?"

"మొదటిది తప్పు" అన్నాను. "పని చూడకుండా చేతిని మాత్రం చూసి రాసినాను. అది కూడా రాసిస్తాను."

రాసిచ్చాను. పెద్దడాక్టరు గారు నాతో చాలారోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఒక ఫిజియోథెరపిస్టు తన తప్పును కాగితం మీద పెట్టడం ఆస్పత్రికే అప్రతిష్ఠ అన్నారు. ఆయన దృష్టిలో అది నిజమే కావచ్చు. నా ఉద్యోగం మొత్తంలో నేను సిగ్గుపడకుండా మళ్లీ చదువుకోగలిగిన కాగితం మాత్రం అదొక్కటే.

నెలరోజులు చూస్తామని మొదలుపెట్టి, చంద్రప్పను లేతు మీదే ఉంచేశారు. నాలుగేళ్లు చేశాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలోకి కంప్యూటరు మిషన్లు వచ్చి పాత లేతులను తీసేశారు. మీటలు నొక్కే పని అతనికి ఇస్తామన్నారు, రెండు వేళ్లు చాలు దానికి. అతను వద్దని, తీసేసిన తన లేతునే అడిగి తీసుకొని బేరిగైకి వెళ్లిపోయాడు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు 'ఎంత పట్టుదల' అంటారు. నాకు ఆ మాట గిట్టదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అతనికి పట్టుదల ఉంది. లేనిది పొడుగు పిడి. మనుషుల గుండె ధైర్యాన్ని మెచ్చుకుంటూ వాళ్ల పిడి సంగతి మరిచిపోయే వైద్యులను నేను చాలామందిని చూశాను. కొన్నేళ్లు నేనూ వాళ్లలో ఒకదాన్ని. చంద్రప్పలాగా లోపలికి తిరిగిపోలేక, ఇప్పటికీ ఏదో ఒక గేటు దగ్గర కూర్చున్నవాళ్లు నా రోగుల్లో ఉన్నారు. వాళ్ల మిషన్లు చూడడానికి నేను పోలేదు.

నా వంతు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు నా బొటనవేళ్లు చెడిపోయాయి. మన పనిలో ఇది వచ్చేదే, మీరు ఇప్పటినుంచే జాగ్రత్తపడండి. ఇతరుల కండరాలను నొక్కీ నొక్కీ బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోతుంది. మొదట సాయంత్రాలు నొప్పి, తర్వాత ఎప్పుడూ. కొన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా పిడికిలి కణుపులతో నొక్కాను, మోచేత్తో నొక్కాను. ఒకరోజు ఒక రోగి భుజం చేతిలోంచి జారిపోయింది. అందరూ చూశారు.

చాలా ప్రేమగా నాకొక బల్ల, కుర్చీ వేశారు. "మేడం, మీరు కూర్చోండి. ఎట్ల చేయాలో చెప్పండి, మేం చేస్తాం" అన్నారు. అన్నవాళ్లంతా నేను పని నేర్పినవాళ్లే. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్ల చోట నేనున్నా అలాగే చేసేదాన్ని, చంద్రప్పకు చేశాను కూడా.

ఆ బల్ల దగ్గర కూర్చుంటే పక్కగదిలో మంచాల చప్పుడు వినిపించేది. ఎవరి చెయ్యి గట్టిగా పడుతోందో, ఎవరు తొందరగా ముగిస్తున్నారో, రోగి మూలుగును బట్టి నాకు తెలిసిపోయేది. లేచి లోపలికి పోవాలనిపించేది. ఉద్యోగం మానేసినందుకు నాకు బెంగ లేదు. గట్టిగా బిగుసుకున్న మెడ ఒకటి చేతికింద నెమ్మదిగా వదులయ్యే క్షణం ఉంటుంది చూడండి, అవతలి మనిషికంటే ముందు మన చేతికి తెలుస్తుంది. ఆ క్షణం కోసం బెంగ. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు నా చేతులు వాటంతట అవే దిండును నొక్కుతుంటాయి.

బేరిగైలో

పని మానేసిన తర్వాత ఈ చలికాలంలో బేరిగై పోయాను. చంద్రప్పను చూసి చాలా ఏళ్లయింది. రోడ్డుపక్కన రేకుల షెడ్డు, లోపల ఆ లేతు. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు చుట్టుపక్కల రైతులు తెచ్చి పడేసి పోతారట. గోడ వారన అవి వరసగా పెట్టి ఉన్నాయి. చంద్రప్ప తల నెరిసింది. నన్ను చూసి మిషను ఆపి, "యాడనుంచి అమ్మా, ఇన్నాళ్లకు" అంటూ స్టూలు తుడిచి వేశాడు.

గౌరమ్మ కాఫీ తెచ్చింది. నేను గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకొని తాగుతుంటే చంద్రప్ప చూస్తున్నాడు.

"బొటనవేళ్లు పోయినాయా అమ్మా?"

"ఎట్ల కనిపెట్టినావు?"

"నేనూ కొన్నాళ్లు గ్లాసు అట్లనే పట్టినాను గదా."

చెప్పాను. బల్ల, కుర్చీ సంగతి కూడా చెప్పాను. నా పిల్లలకు కూడా చెప్పని మాటలు ఎందుకో అతనికి చెప్పాను. అతను అయ్యో అనలేదు, విశ్రాంతి తీసుకోండమ్మా అనలేదు. అంతా విని, "ఏం చేయాలని ఉంటాది మీకు?" అని అడిగాడు.

"ఏముందప్పా. చెయ్యి పట్టుకోవాలని ఉంటాది. ఎవరిదైనా. సుమ్మనే, ఊరికే, పని చేయాలని."

చంద్రప్ప లేచి చేతులకున్న నూనె పాతగుడ్డకు తుడుచుకున్నాడు. కుండలో నీళ్లు తీసి సబ్బుతో కడుక్కున్నాడు. ఇంకొక స్టూలు నా ఎదురుగా లాక్కొని కూర్చొని, కుడిచెయ్యి నా ఒడిలో పెట్టాడు.

"చలికి ఈడ బిగుసుకొంటా ఉండాదమ్మా. రోంత చూడండి."

గౌరమ్మ వాకిట్లోనే ఆగిపోయి మావైపు చూస్తూ నిలబడింది.

నేను బొటనవేళ్లను పక్కకు పెట్టి, పిడికిలి కణుపులతో ఆ మచ్చ మీద గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. బిగువు కోసం వెతికాను. ఎక్కడా లేదు. చర్మం మెత్తగా, కింద కండ వదులుగా, మచ్చ ఎముకకు ఎక్కడా అతుక్కోకుండా జరుగుతోంది. ఇన్నేళ్లుగా అతను రోజూ నూనె రాసుకొని, నేను చూపించినట్టే రుద్దుకుంటున్నాడని నా చేతికి తెలిసిపోయింది. ఆ చేతికి నా వైద్యంతో ఏ పనీ లేదు.

నేను తల ఎత్తలేదు. అతనూ ఏమీ ఎరగనట్టు రోడ్డువైపు చూస్తూ, "ఇంకా రోంత గట్టిగా అమ్మా" అన్నాడు.

గట్టిగానే రుద్దాను.